గుట్టల్లో సైకిల్‌కి గట్టి బ్యాగు కావాలంటే ముందు కుట్టు చూడండి

హన్మకొండలో ఉంటున్నానని, కొత్తగా మౌంటెన్ బైక్ కొని దేవునూరు గుట్టల వైపు తిరుగుతుంటే ఆరు నెలలకే వీపుకు తగిలించుకునే బ్యాగు చినిగిపోయిందని, ఈసారి 1000 డెనియర్ బట్టతో, అంటే లావు దారంతో నేసిన బట్టతో చేసింది తీసుకుంటే ఆగుతుందా అని మీరు అడిగారు. ఆ ఒక్క నంబర్ చూసి మాత్రం కొనకండి. నేను అలా కొనే ఇబ్బంది పడ్డాను.

నా మొదటి బ్యాగు బట్ట టార్పాలిన్ లాగా మందంగా ఉండేది. ఒక ఆదివారం పొద్దున ధర్మసాగర్ దాటాక మొరం దారిలో దిగుతుంటే ఎడమ భుజం పట్టీ పైకొస దగ్గర పుటుక్కున ఊడింది. బరువంతా ఒక్కసారిగా కుడివైపు ఒరిగి హ్యాండిల్ పక్కకు లాగేసింది. కింద పడలేదు గానీ, ఆ క్షణం ఇప్పటికీ మర్చిపోలేను. పట్టీని ముడేసుకుని ఎలాగో ఇల్లు చేరాను. మర్నాడు చౌరస్తా దగ్గర బ్యాగులు కుట్టే పెద్దాయనకు చూపిస్తే, ఆయన దాన్ని లోపలివైపు తిరగేసి పట్టీ మొదట్లో వేలు పెట్టారు. "బట్టకేం కాలే బిడ్డా, కుట్టు ఇడిసింది" అన్నారు. నిజమే, బట్ట చెక్కుచెదరలేదు. ఒకే ఒక్క వరుస కుట్టు, తెగిన దారం ముక్కలు వరసగా లేచి ఉన్నాయి. వెనక ఒక నైలాన్ పట్టీ ముక్క వేసి, చుట్టూ చదరంగా, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా కుట్టి ఇచ్చారు. ఆ కుట్టు ఇంకో మూడేళ్లు ఆగింది.

డెనియర్ అంటే దారం ఎంత లావో చెప్పే లెక్క. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1000 డెనియర్ తుమ్మముళ్లకు, రాళ్ల రాపిడికి బాగా ఓర్చుకుంటుంది, కానీ బరువు. మన గుట్టలకు 420 నుంచి 500 డెనియర్ నైలాన్ సరిపోతుందని నా అనుభవం. కార్డ్యూరా అనే గట్టి బట్ట రకమైతే ఇంకా మంచిది. అదే నంబర్‌లో నైలాన్, పాలిస్టర్ రెండూ ఉంటే రాపిడికి నైలానే గట్టిది.

షాపులో బ్యాగును తిరగేసి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. భుజం పట్టీల పైన, కింద, నడుం బెల్టు మొదట్లో, పైన పట్టుకునే చోట దగ్గరదగ్గరగా కుట్టిన అడ్డకుట్లు ఉండాలి. లోపల బట్ట అంచులు పోగులు లేవకుండా టేపు వేసి మూసి ఉండాలి. రెండు లీటర్ల నీళ్లు, ట్యూబ్, పంపు, మల్టీటూల్, తినడానికేమైనా పెడితే నాలుగు కిలోలకు దగ్గరవుతుంది. రాళ్ల మీద దిగేటప్పుడు ప్రతి కుదుపూ పడేది ఆ నాలుగైదు చోట్లే.

తర్వాత పోయేది జిప్పు. మొరం దుమ్ము పళ్లలో చేరి, జిప్పు మీద జారే రన్నర్‌ను అరగదీస్తుంది. సన్న జిప్పు వద్దు. వైకేకే లాంటి మంచి కంపెనీ జిప్పులు అయితే చాలాకాలం వస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో అప్పుడప్పుడు దులిపితే చాలు. పళ్లు బాగుండి మూసినా మళ్లీ విచ్చుకుంటుంటే రన్నర్ ఒక్కటి మార్పించండి, జిప్పంతా మార్చక్కర్లేదు.

సైజు 12 నుంచి 15 లీటర్లు చాలు. పెద్దది కొంటే వీపు మీద అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుకే కుట్లు వదులవుతాయి. ఛాతీ పట్టీ, నడుం బెల్టు రెండూ ఉండి తీరాలి. షాపులోనే హెల్మెట్ పెట్టుకుని, బ్యాగు వేసుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి తల పైకెత్తండి. హెల్మెట్ వెనక భాగం బ్యాగుకు తగిలిందంటే దిగుడులో ముందు దారి సరిగా కనపడదు. పంపును ఎప్పుడూ వెన్నెముక మీదకు రాకుండా పక్క జేబులో పెట్టండి. పడితే అదే గుచ్చుకుంటుంది.

మన ఎండల సంగతి కూడా చూసుకోవాలి. బట్ట లోపలి పూత వేడికీ తేమకీ జిగటగా మారి పొలుసులుగా రాలిపోతుంది. తడి బ్యాగును కారు డిక్కీలో వదిలేయకండి. ఇంటికి రాగానే చెమట ఉప్పు పోయేలా మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఎండలో వద్దు. వాషింగ్ మెషిన్‌లో అసలు వేయకండి.

కొత్తది కొనే ముందు మీ పాత బ్యాగు ఎక్కడ చినిగిందో ఒక ఫోటో పెట్టండి. పట్టీ దగ్గరైతే మళ్లీ కుట్టించుకుని వాడుకోవచ్చు.