రీల్ చూసి రోజూ 160 గ్రాముల ప్రొటీన్: ఉద్దానం కుర్రాళ్లు ముందు చేయించుకోవాల్సిన పరీక్షలు

ప్రశ్న: మాది కవిటి మండలం. వయసు 22, బరువు 60 కిలోలు. జిమ్‌కి వెళ్తున్నాను. ఒక రీల్‌లో చూపినట్టు నాలుగు నెలలుగా రోజూ 8 గుడ్ల తెల్లసొన, 400 గ్రాముల చికెన్, రెండు స్కూపుల ప్రొటీన్ పౌడర్ తీసుకుంటున్నాను. అన్నం మానేశాను. మలబద్ధకం, నోటి దుర్వాసన మొదలయ్యాయి. ఒళ్లు నొప్పులకు అప్పుడప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. ఇలాగే కొనసాగించవచ్చా?

జవాబు: వద్దండీ. లెక్క చూడండి. తెల్లసొనలో సుమారు 28, చికెన్‌లో 85, పౌడర్‌లో 50, మొత్తం 160 గ్రాములు దాటింది. జాతీయ పోషకాహార సంస్థ (ఐసీఎంఆర్-ఎన్ఐఎన్) చెప్పేది కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే మీకు 50. బరువులెత్తేవారికైనా 72 నుంచి 96 చాలు. మిగిలింది కండ పట్టదు. దాన్నుంచి తయారైన యూరియాను కిడ్నీలే బయటికి తోయాలి.

ఆరోగ్యమైన కిడ్నీలు ఆ పని చేసుకుపోతాయి. కానీ మీది ఉద్దానం. షుగరు, బీపీ లేనివాళ్లకీ ఇక్కడ కిడ్నీ జబ్బు వస్తోంది, ముదిరేదాకా బయటపడదు. రీల్ చేసినవారికి మీ ఊరి సంగతి తెలియదు కదా! అందుకే పౌడర్ ఇవాళే ఆపి, సీరం క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చూసేది), మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారుతోందేమో చూసేది) పరీక్షలు చేయించండి. ముందురోజు రాత్రి మాంసం, కసరత్తు రెండూ వద్దు. వాటివల్ల క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది. పౌడర్‌లో క్రియాటిన్ (కండ బలానికి కలిపే పదార్థం, క్రియాటినిన్ కాదు) ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. నొప్పి మాత్రలు మాత్రం పూర్తిగా మానేయాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం వెళ్లడాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో నీరు తగ్గిన రోజు మరీ ప్రమాదం.

గుడ్డులో, చికెన్‌లో పీచు అసలు లేదు, మలబద్ధకం అందుకే. అన్నం మానేస్తే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లే నోటి వాసన.

రిపోర్టులు మామూలుగా ఉంటే ఇలా తినండి. పొద్దున్న చోడి (రాగి) అంబలి, రెండు గుడ్లు పచ్చసొనతో సహా. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, ఆకుకూర. రాత్రి అన్నంతో 150 గ్రాముల కానాగడత చేపలో కవళ్లో పులుసు పెట్టుకోండి, ఉప్పుచేప వద్దు. రోజు మొత్తంలో 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, గుప్పెడు వేరుశనగలు. ఇవన్నీ కలిపితే 85 గ్రాముల దాకా వస్తుంది, డబ్బా కొనక్కర్లేదు.

క్రియాటినిన్ పెరిగినా, మూత్రంలో ఆల్బుమిన్ కనిపించినా ఈ పట్టిక మీకు పనికిరాదు. ఎంత ప్రొటీన్ తినాలో నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చెప్పాలి. మూత్రం నురగగా వస్తున్నా, పాదాలు వాస్తున్నా రిపోర్టుల కోసం ఆగకుండా వెళ్లండి.