పెంపుడు కుక్కలకూ ఆపరేషన్ తప్పనిసరా? కత్తి కన్నా ముందు ప్లేట్‌లెట్లు చూడాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఇంట్లో 8 నెలల లాబ్రడార్ ఆడకుక్క సిరి, 3 ఏళ్ల నాటు మగకుక్క రాజు ఉన్నాయి. రాజుని రాత్రి వదిలేస్తాం, తెల్లారేసరికి వచ్చేస్తాడు. పెంపుడు కుక్కలకు కూడా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలట, లేకపోతే జరిమానా అట అని మా వీధిలో అంటున్నారు. ఒక్క ఈతైనా కాకుండా కోయిస్తే జబ్బులొస్తాయని మా అత్తగారు అంటున్నారు. మత్తులో పోతుందేమో, లావైపోతుందేమో, రాజు ఇక కాపలా కాయడేమో అని నా భయం. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు జరిమానా సంగతి. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం (1960) కింద కేంద్రం 2023 మార్చిలో జంతు జనన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. వీధికుక్కల ఆపరేషన్ల బాధ్యత స్థానిక సంస్థలది. పెంపుడు జంతువుకు నట్టల మందు, టీకాలు, ఆపరేషన్ యజమాని బాధ్యత. అంతవరకే ఉంది. ఫలానా వయసుకల్లా ప్రతి పెంపుడు కుక్కకూ చేయించి తీరాలి, లేదంటే ఇంత కట్టాలి అని అందులో లేదు. కుక్క లైసెన్సుకి ఊరూరా షరతులు వేరుగా ఉండొచ్చు కాబట్టి వీధిలో మాట పట్టుకోకుండా మున్సిపల్ ఆఫీసుకెళ్లి అడగండి.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం 2008లో 4 నెలలు దాటిన కుక్కలకు, పిల్లులకు ఆపరేషన్ తప్పనిసరి చేసింది. పని చేసే కుక్కలకు, పోటీలకు వెళ్లేవాటికి, ఆరోగ్యం బాగోలేదని డాక్టర్ రాసిచ్చినవాటికి మినహాయింపు ఇచ్చింది. ఆ నాలుగు నెలల లెక్క ఇక్కడికి ఎత్తుకొస్తే నేను ఒప్పుకోను. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతుల్లో ఎముకల ఎదుగుదల పూర్తికాక ముందే హార్మోన్లు ఆపేస్తే కీళ్ల జబ్బులు పెరుగుతాయి. కానీ గేటు తీసి ఊరి మీదికి వదిలే కుక్కలకు తప్పనిసరి చేస్తామంటే మాత్రం అది న్యాయమే. మీ ఇంట్లో అలాంటివాడు రాజు. అందుకే మొదటి ఆపరేషన్ వాడికి.

రాజుని తీసుకెళ్లే ముందు ఒక పని చేయండి. వాడు పడుకున్న చోట నేల మీదో, గోనె మీదో రక్తపు చుక్కలు ఉన్నాయేమో చూడండి. రాత్రిళ్లు తిరిగొచ్చే మగకుక్కల్లో అంగం తొడుగు లోపల కాలీఫ్లవర్ పువ్వులా ఎర్రటి కండ పెరిగి, చుక్కచుక్కగా రక్తం కారడం మన దగ్గర తరచూ కనిపిస్తుంది. దీన్ని టీవీటీ అంటాం. జతకట్టడం వల్ల, నాకడం వల్ల ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే కణితి ఇది. చాలామంది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని నెలల తరబడి యాంటీబయాటిక్ వాడేస్తారు. తొడుగు పూర్తిగా వెనక్కి లాగి చూస్తే తప్ప కనపడదు. ఉంటే వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు నాలుగు నుంచి ఆరు పడతాయి, చాలావరకు పూర్తిగా తగ్గిపోతుంది. ఆ మందు సాగినన్నాళ్లూ తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి ఆపరేషన్ ఆ తర్వాతే.

కాపలా గురించి బెంగ వద్దు. కొత్తవాళ్లను చూసి మొరగడం వృషణాల వల్ల వచ్చే గుణం కాదు. తగ్గేవి ఊరు తిరగడం, కనపడ్డ చోటల్లా కాలెత్తడం, మగకుక్కలతో కొట్లాట. అవి కూడా అన్ని కుక్కల్లో ఒకేలా తగ్గవు. భయంతో కరిచే కుక్క ఆపరేషన్ తర్వాత కూడా కరుస్తుంది, దాని వైద్యం వేరు.

ఇక సిరి. ఒక్క ఈతైనా కావాలన్న మాటకు వైద్యంలో ఆధారం లేదని అత్తగారికి నచ్చజెప్పండి. నిజం దానికి తిరగబడి ఉంది. ఎదలు గడిచేకొద్దీ రొమ్ము గడ్డల ముప్పు పెరుగుతుంది. వయసు మీరిన ఆడకుక్కల్లో ఎద అయిన నెలా రెండు నెలలకు గర్భసంచిలో చీము పట్టే ముప్పు ఉంటుంది. విపరీతంగా నీళ్లు తాగడం, తిండి మానడం, వాంతులు, వెనక నుంచి చీము దాని గుర్తులు. గర్భాశయ ద్వారం మూసుకుని ఉంటే చీము బయటికి రాదు, అదే మరీ ప్రమాదం. ఎద ఆపడానికని హార్మోన్ ఇంజెక్షన్ చేయిస్తే ఈ చీము, ఆ గడ్డలు రెండిటికీ దారి వేసినట్టే. అది మాత్రం వద్దు.

సిరి ఇంకా ఎదకు రాలేదనుకుంటే, ఏడాది దాటాక, మొదటి ఎద అయిపోయిన రెండున్నర మూడు నెలలకు చేయించడం మంచిది. ఎదలో ఉండగా గర్భసంచి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది. అయితే ఆ ఎద మూడు వారాలూ మీరు కాపలా ఉండగలగాలి. రక్తం పడే మొదటి వారంలో కాదు, రక్తం పలచబడి నీరులా అయ్యాకే అది మగకుక్కను రానిస్తుంది. ఇంక అయిపోయిందిలే అని వదిలేసేదీ అప్పుడే. పక్కనే కట్టని మగకుక్క ఉండి, చూసుకునేవాళ్లు లేకపోతే ఎదకు ముందే చేయించేయండి. కీళ్ల మాట తర్వాత, తొమ్మిది వారాల్లో ఏడెనిమిది పిల్లలు పుడితే ఎక్కడ పెడతారు?

మత్తులో పోతుందన్న భయం ఊరికే కాదు. కానీ చాలాసార్లు కారణం మత్తు కాదు, దానికి ముందు చూడనివి. మన తేమకు, ఉక్కకు పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. అవి ఎక్కించే ఎర్లీషియా, బబీసియా జ్వరాలతో కుక్క పైకి బాగానే తింటూ తిరుగుతూ ఉంటుంది, లోపల రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉండాలి. లక్షకు దిగువన ఉన్న కుక్క పొట్ట కోస్తే, కట్టిన నాళం బాగానే ఉన్నా కోసిన అంచుల నుంచి రక్తం ఊరుతూనే ఉండొచ్చు. అందుకని ఆపరేషన్‌కు వారంలోపు సీబీసీ (రక్తకణాల లెక్క), ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించి, రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి పిడుదు జ్వరం ఉందేమో చూడమనండి. ఎర్లీషియా బయటపడితే డాక్సీసైక్లిన్ 28 రోజులు తిండితో పాటు వేసి, ప్లేట్‌లెట్లు మళ్లీ చూశాకే తేదీ పెట్టుకోండి. చెవి లోపలి మడత, వేళ్ల సందులు, మెడపట్టీ కింద తడిమి పిడుదులు చూడండి. రేబిస్ టీకా, మిగతా టీకాలు కనీసం రెండు మూడు వారాల ముందే అయిపోవాలి. శ్రీకాకుళంలో, విజయనగరంలో పశువైద్య పాలీక్లినిక్‌లు ఉన్నాయి. కుక్కకు వేరే జబ్బు ఉండి కేసు చిక్కుగా ఉంటే గరివిడి పశువైద్య కళాశాల ఉంది.

ముందు రోజు రాత్రి 9 తర్వాత తిండి లేదు. నీళ్లు తెల్లారి ఆరింటిదాకా ఇవ్వొచ్చు. జాలిపడి పొద్దున్నే కాస్త పెరుగన్నం పెట్టారంటే మత్తులో అది వెనక్కొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎవరైనా పెట్టి ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, ఇంకో రోజుకు మార్చుకోవచ్చు. లాబ్రడార్ నేల మీద పడ్డది కూడా ఏరుకు తింటుంది, రాత్రి కట్టేయండి.

ఇంటికి తెచ్చాక మంచం మీద, మెట్ల పక్కన పడుకోబెట్టకండి. మత్తులో ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి కింద గోనె, దుప్పటి వేసి, ఫ్యాను నేరుగా తగలకుండా చూడండి. తూలకుండా నిలబడ్డాక కొంచెం నీళ్లు, రాత్రికి సగం తిండి. మొదటి 24 గంటల్లో రెండు మూడు గంటలకోసారి పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు ఉండాలి. పాలిపోయి తెల్లగా అయ్యాయన్నా, పొట్ట ఉబ్బుతున్నా, లేపినా లేవకపోయినా లోపల రక్తం పోతూ ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు.

కుట్లు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. అన్నాళ్లూ మెడకు గరాటు కాలర్ ఉండాల్సిందే. ఇబ్బంది పడుతోందని ఒక్క గంట తీస్తే ఆ గంటలోనే నాకి కుట్లు తెంపేసుకుంటుంది. కుట్టు కింద గట్టిగా సన్నటి గట్టు చేతికి తగిలితే అది మానుతున్న లక్షణం. మెత్తగా వేడిగా ఉబ్బినా, నీరు కారినా చూపించాలి. పసుపు, కొబ్బరినూనె రాయకండి, ఆ వాసనకు ఇంకా నాకుతుంది. స్నానం లేదు, వానలో వదలడం లేదు. పుండు తడిసి ఈగ వాలిందంటే రెండు రోజుల్లో పురుగులు పడతాయి. నొప్పికి డాక్టర్ రాసిన మెలాక్సికాం చాలు, ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వేస్తే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ బిళ్ల ప్రాణం తీస్తుంది.

ఆపరేషన్ తర్వాత ఒంటికి తిండి అవసరం తగ్గుతుంది, గిన్నె తగ్గించకపోతేనే లావవుతుంది. కుట్లు విప్పిన నాటి నుంచి తిండిలో నాలుగో వంతు తగ్గించండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు.

రాజు విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. వృషణాలు తీసేశాక కూడా నాళాల్లో మిగిలిన వీర్యంతో ఆరు వారాల దాకా కడుపు చేయగలడు. వాడి ఆపరేషన్ తేదీ క్యాలెండర్‌లో రాసి, ఆరు వారాలు లెక్కపెట్టి గుర్తు పెట్టండి. ఆలోపు సిరి ఎదకు వస్తే ఒకదాన్ని ఇంట్లో, ఇంకోదాన్ని చుట్టాలింట్లో ఉంచండి. ఇద్దరి మధ్య ఒక్క తలుపు చాలదు.