ప్రొద్దుటూరు నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి రచయిత్రికి,

ఆశీస్సులు. నీ నవల మొదటి భాగం అందింది. పూర్తిగా చదివాను. 1931 నాటి ప్రొద్దుటూరు. పత్తి గిడ్డంగి వెనుక గదిలో రాత్రి పొద్దుపోయాక సాగే లోపల-బయట పేకాట. దాని మీద మామూళ్ళు మింగే సబ్ ఇన్‌స్పెక్టరు. చివరికి కడప నుంచి వచ్చి అందరినీ పట్టుకుని న్యాయం చేసే తెల్ల కలెక్టరు. కథను పరుగెత్తించడం నీకు చేతనవుతుంది. జూదరి భార్య జొన్నల కుండలో చెయ్యి పెట్టి, వేళ్ళకు అడుగు తగిలేసరికి అలాగే నిలబడిపోయిన చోట కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. అంతటి పేజీ రాసినదానివి కాబట్టే మిగతా పేజీల గురించి మొహమాటం లేకుండా చెబుతున్నాను.

నీ నవలలో లంచం తీసుకునేవాడు ఒక్కడే. అతనికి మెలితిప్పిన మీసాలు, బొజ్జ, తాగుడు, పరస్త్రీ వ్యామోహం అన్నీ పెట్టావు. అతణ్ని తొలగిస్తే ఊరు బాగుపడిపోతుందన్నట్టు నడిపించావు. ఒక్కడి వల్ల సాగే వ్యవహారం కాదమ్మా అది. అధికారి బదిలీ అయిపోయినా అదే మామూలు, అదే తేదీన, అదే చేతుల మీదుగా కొత్తవాడికి చేరుతుంది. కొత్తవాడు మంచివాడైతే కొన్నాళ్ళు ఆగుతుంది, అంతే. లంచం ఒక అమ్మకం. అమ్మడానికి ఒక్కొక్కడి దగ్గర ఒక్కొక్క సరుకు ఉంటుంది. ఆ సరుకు ఏమిటో నువ్వు తేల్చుకున్న తరువాతే ఆ మనిషిని కథలోకి రానివ్వు.

జూదగృహం పట్టణంలో ఉన్నా, ఆడేవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల పల్లెల రైతులు. కాబట్టి పల్లె నుంచే మొదలుపెట్టు. ఊరి కావలివాడైన తలారి దగ్గర ఉన్నది కబురు. ఎవరు వేరుశనగ అమ్మి డబ్బుతో వస్తున్నాడో గిడ్డంగి యజమానికి చెప్పగలడు, ఠాణాకూ చెప్పగలడు, రెండు చోట్లా కూలి పుచ్చుకోగలడు. గ్రామ మునసబు దగ్గర ఉన్నది సాక్ష్యం. పోలీసులు సోదాకు వచ్చినప్పుడు పక్కన నిలబడే పెద్దమనుషులు కావాలి కదా, ఆ పెద్దమనిషి రేపు కోర్టులో ఏమి గుర్తుంచుకుంటాడో, ఏమి మరిచిపోతాడో దానికి ధర ఉంటుంది. కానిస్టేబులు అమ్మేది తన చూపు. వీధి మలుపు దగ్గర అతను ఏ గంటకు ఏ వైపు తిరిగి నడుస్తాడన్నదే అతని సరుకు. స్టేషన్ రైటరు చేతిలో ఉన్నది కలం. పట్టుబడిన పదిమందిలో ఎవరి పేరు కాగితం మీదికి ఎక్కుతుంది, ఎవరిది జారిపోతుంది, చాప మీద దొరికిన సొమ్ములో ఎంత జాబితాలో చేరుతుంది అన్నది ఆ కలం తేలుస్తుంది. నీ సబ్ ఇన్‌స్పెక్టరు దగ్గర నిజంగా ఉన్నది ఒక్కటే, దాడి జరిగే రోజు. ఆ రోజు ముందే తెలిసినవాడు గదిలో భజన పెట్టించుకుంటాడు. కోర్టు గుమాస్తా అమ్మేది వాయిదా. పొలం పనుల రోజుల్లో నాలుగు వాయిదాలు తిరిగిన రైతు, జరిమానా కట్టడమే మేలనుకుంటాడు.

ఇందులో ఎవరూ రాక్షసులు కానవసరం లేదు. 1902-03లో పనిచేసిన పోలీసు కమిషన్ తన నివేదికలో, పోలీసులను ప్రజలు అవినీతిపరులుగా, పీడకులుగా చూస్తున్నారని ఒప్పుకుంది. ఆ కమిషనే కానిస్టేబులుకు నెలకు కనీసం 8 రూపాయల జీతం ఉండాలని సిఫారసు చేసింది. అంటే అంతకన్నా తక్కువకు పనిచేసేవాళ్ళు ఉన్నారన్నమాట. నీ కానిస్టేబులు ఇంట్లో పిల్లలు ఎంతమంది, ఇంటి అద్దె ఎంత, జీతం ఏ తేదీకి అయిపోతుంది అన్నది రాయి. అతణ్ని క్షమించమని చెప్పడం లేదు. అతను చెయ్యి చాపినప్పుడు పాఠకుడికి అసహ్యంతో పాటు అర్థం కూడా కావాలి.

మరొక పాత్రను నీకు ఇస్తున్నాను, తీసుకో. యజమానికి బదులు పట్టుబడటానికి కూలికి ఒప్పుకున్న మనిషి. దాడి జరిగినట్టు కాగితాల్లో కనబడాలి, కేసుల లెక్క పైకి వెళ్ళాలి, అసలు యజమాని మాత్రం దొరకకూడదు. అందుకని ఒక పేదవాడు ఆ ఇల్లు తనదేనని ఒప్పుకుంటాడు, జరిమానా మరొకరు కడతారు. అతని పేరు రికార్డులో ఉండిపోతుంది. అతని కూతురి పెళ్ళి సంబంధాలప్పుడు ఆ రికార్డు ఏమి చేస్తుందో నీకు నేను చెప్పనక్కర లేదు.

ఇక చట్టం. నీ సబ్ ఇన్‌స్పెక్టరు 1867 నాటి జూద చట్టం కింద అరెస్టు చేస్తున్నానని అంటాడు. ఆ చట్టం ఉత్తరాది రాష్ట్రాల కోసం చేసినది, మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించలేదు. ఇక్కడ 1889లో పట్టణాల ఉపద్రవాల చట్టం వచ్చింది, ఆ తరువాత 1930లో మద్రాసు జూద చట్టం. నీ కథాకాలానికి అది కొత్త చట్టం, ఠాణాలో ఇంకా సిరా ఆరని చట్టం. ఇది నీ అదృష్టం, వాడుకో. సోదా చేసిన ఇంట్లో పేకముక్కలో పాచికలో దొరికితే చాలు, ఆట ఎవరూ కళ్ళతో చూడకపోయినా, అది జూదగృహమనీ అక్కడున్నవాళ్ళు ఆడటానికే వచ్చారనీ చెప్పడానికి అదే సాక్ష్యం అంది ఆ చట్టం. కాదని నిరూపించుకోవడం దొరికినవాళ్ళ పని. అమ్ముకునేవాడికి ఇంతకన్నా ఏమి కావాలి? శివరాత్రి జాగారానికి అరుగు మీద పేక పరిచిన ముసలివాళ్ళను, పెళ్ళివారి విడిదిలో పొద్దుపోక ముక్కలు పంచుకున్న మగపెళ్ళివారిని కూడా బెదిరించవచ్చు. జూదం ఆడనివాడి నుంచి కూడా జూదం పేరుతో డబ్బు లాగడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా నీచమైన భాగం. నీ నవలలో దాని ఊసే లేదు. ఒక పెళ్ళి విడిది మీద దాడి జరిగే అధ్యాయం రాయి. వధువు తండ్రి పరువు కోసం ఎంత ఇచ్చుకుంటాడో, ఆ డబ్బు ఎవరి దగ్గర చేబదులు తెస్తాడో చూపించు.

అదే చట్టం గుర్రపు పందేలను ఎలా చూసిందో కూడా తెలుసుకో. పందెం జరిగే రోజున, పందెపు ఆవరణలో, ప్రభుత్వ అనుమతితో కేటాయించిన చోట కాసిన పందెం జూదం కిందికి రాదు. మద్రాసు గిండీలో దొరలు, జమీందారులు వందలు వందలు కాస్తే వినోదం. మైలవరం దారిలో చింతచెట్టు కింద కూలివాడు అణా కాస్తే నేరం. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నీ నవలకు వెన్నెముక కాగలిగిన కోపం అది. ఉపన్యాసంలా ఎవరి నోటా పలికించకు. కలెక్టరు బంగళాలో గిండీ ఫలితాల గురించి మాట్లాడుకుంటుండగా, బయట బంట్రోతు ఆ కూలివాడి అర్జీ పట్టుకుని నిలబడితే సరిపోతుంది.

కులాన్ని బట్టి కూడా ధర మారేది. 1816 నాటి రెగ్యులేషను ప్రకారం గ్రామ పెద్ద చిన్న నేరాలకు శిక్ష వేయవచ్చు. కింది కులాల వాళ్ళనుకుంటే కాళ్ళు ఇరికించే బొండకొయ్యలో బిగించవచ్చని చట్టమే రాసి ఇచ్చింది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్క కట్టి, పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించి, హాజరు వేయించుకుంది. హాజరు వేసే చేతికి ఎంత బలం వస్తుందో ఊహించు. నీ మూడో అధ్యాయంలో జూదగృహానికి కాపలా కాసే దొంగకు ఒక సంచార కులం పేరు పెట్టావు. అది కొట్టెయ్యి. ఆ కులం వాళ్ళను కథలోకి తేవాలనుకుంటే, రాత్రి హాజరుకు వెళ్ళి తిరిగి వస్తున్న మనిషిగా తీసుకురా.

ఊళ్ళో ఎవరూ ఎందుకు ఫిర్యాదు చేయలేదని నీ కథానాయకుడు ఒకచోట అడుగుతాడు. నువ్వు భయమని జవాబు చెప్పించావు. భయం ఉంది, కానీ అదొక్కటే కాదు. 1862 నుంచి అమలులోకి వచ్చిన శిక్షాస్మృతిలో 161వ సెక్షన్ లంచం పుచ్చుకున్న ఉద్యోగికి మూడేళ్ళ దాకా జైలు అంది. లంచం ఇచ్చినవాడు ఆ నేరానికి ప్రోత్సహించినవాడు అవుతాడు. ఉద్యోగి తీసుకోకుండా తిరగ్గొట్టినా ఇవ్వజూపినవాడు శిక్షకు అర్హుడేనని ఆ స్మృతే ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది. ఇక ఏ రైతు నోరు విప్పుతాడు? నేను ఇచ్చాను అనడమే నేరం ఒప్పుకోవడం. జూదపు అప్పుదీ అంతే. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ బాకీ కోసం దావా వేయడానికి లేదు. అందుకని గిడ్డంగి యజమాని ఆ అప్పును జూదపు అప్పుగా ఎప్పుడూ రాయించుకోడు. విత్తనాలకు తీసుకున్నట్టు, ఎద్దులకు తీసుకున్నట్టు ప్రోనోటు రాయించుకుంటాడు. కోర్టులో ఎద్దులు లేవని రుజువు చేయాల్సింది ఓడిపోయినవాడే. ఇటువంటి ప్రోనోటు ఒకటి నీ కథలో పుట్టి, భార్య చేతికి చేరి, ఆమె చదవలేక ఎవరి చేతనో చదివించుకుంటే, ఆ చదివే మనిషి ఏ మాట దగ్గర తడబడతాడో నువ్వే చూసుకోవాలి.

ఫిర్యాదు అసలు ఉండదని కాదు. ఆకాశరామన్న అర్జీలు ఉంటాయి. అవి రాసేది నీతిమంతులే అనుకోకు. పక్క వీధిలో మరో గది నడుపుతున్నవాడే రాస్తాడు. అర్జీ కలెక్టరు కచేరీకి వెళ్తుంది, అక్కడి నుంచి విచారణ కోసమంటూ దిగివచ్చి దిగివచ్చి, ఎవరి మీద రాశారో ఆ సబ్ ఇన్‌స్పెక్టరు బల్ల మీదికే చేరుతుంది. ఆ కాగితం చేతులు మారే దారిని ఒక అధ్యాయంగా రాయి.

నీ తెల్ల కలెక్టరు సంగతికి వస్తాను. మన జిల్లాల్లో థామస్ మన్రో దొర మీద ఉన్న అభిమానం నాకు తెలుసు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినప్పుడు వచ్చి, 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా పల్లె పల్లె తిరిగాడు. 1827లో గవర్నరుగా ఉండి కలరాతో పత్తికొండలో చనిపోయాడు. ఆ జ్ఞాపకం నీ కలెక్టరు ముఖం మీద పడింది. కానీ 1855 నాటి చిత్రహింసల కమిషన్ నివేదిక గురించి కూడా తెలుసుకో. శిస్తు రాబట్టడానికి, నేరం ఒప్పించడానికి రైతుల వేళ్ళు కిట్టి అనే చెక్కల మధ్య పెట్టి నొక్కేవారని, నడుము వంచి తాళ్ళతో కట్టి ఎండలో నిలబెట్టేవారని మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజలు వచ్చి చెప్పుకున్నారు. కమిషన్ హింస నిజమేనంది, నేరమంతా నాటు ఉద్యోగులదేనంది, తెల్ల అధికారులకు అందులో భాగం లేదంది. అంత శిస్తు ఎవరు కట్టారు, ఎవరు వసూలు చేయమన్నారు అని ఆ నివేదికను మనం తిరిగి అడగాలి. నీ నవల చివరి అధ్యాయం సరిగ్గా ఆ నివేదిక చెప్పిన మాటే చెబుతోంది: కింది నల్లవాడు దొంగ, పై తెల్లవాడు ధర్మాత్ముడు. కలెక్టరు లంచం ముట్టకపోవచ్చు, చాలామంది ముట్టలేదు కూడా. కానీ శిస్తుకూ శాంతిభద్రతలకూ అతనే పెద్ద. ఆ ఏళ్ళలో వేరుశనగ ధర కుప్పకూలింది, శాసనోల్లంఘన ఉద్యమంతో ఠాణాలకు వేరే పనులు పడ్డాయి. శిస్తు బాకీ పడకుండా, ఖద్దరువాళ్ళను అదుపులో పెడుతూ ఉన్న సబ్ ఇన్‌స్పెక్టరు మీద అర్జీ వస్తే ఆ కలెక్టరు ఏమి చేస్తాడు? నిజాయితీపరుడైన ఆ దొర ఆ అర్జీ మీద ఒక సంతకం చేసి పక్కన పెట్టిన క్షణం రాయగలిగితే, నీ కలెక్టరు గుర్రమెక్కి రావలసిన అవసరమే ఉండదు.

చిన్న చిన్న సవరణలు. మట్కా చీటీ తీసెయ్యి, అది స్వాతంత్ర్యం తరువాత బొంబాయిలో పుట్టిన జాడ్యం. మన పట్టణాల్లో అది కూల్చిన కొంపలు నీకు తెలుసు కాబట్టే వెనక్కి నెట్టి రాశావు, అర్థమైంది. యాభై పైసలు వద్దు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. నయాపైసలు 1957లో వచ్చాయి. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో పెట్టినది, కాబట్టి నీ ముసలి రైతు నోట నిజాం ఇచ్చేసిన ఈ సీమకు పాత పేరైన దత్తమండలమే నయం, ఆయన కొడుకు పత్రిక చదివేవాడైతే రాయలసీమ అనవచ్చు. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926 నుంచి నడిపిన శ్రీసాధన పత్రిక పాత సంచికలు ఎక్కడ దొరికినా వదలకు, ఆనాటి ఉద్యోగుల గురించి మనవాళ్ళు తెలుగులో ఎలా మాట్లాడారో తెలుస్తుంది. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళి జిల్లా గెజిటీరు ముందేసుకుని రెండు రోజులు కూర్చో. కథ ఏమీ దొరకదు, కానీ తాలూకాలు, సంతలు, రైలు స్టేషన్లు, పంటలు సరిగ్గా కుదురుతాయి. కథాకాలాన్ని 1938 దాకా లాగే ఉద్దేశం ఉంటే, ఆ ఏడాది కడప జిల్లాలో మద్యనిషేధం వచ్చిందని గుర్తుపెట్టుకో. నీ కానిస్టేబులుకు అమ్ముకోవడానికి మరో సరుకు వచ్చిందన్నమాట.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటి చెబుతాను. మిగతా అంతా పక్కన పెట్టు. జొన్నల కుండ దగ్గర నిలబడిన ఆ ఇల్లాలి భర్త ఆ రాత్రి ఓడిపోయిన ఒక్క రూపాయిని తీసుకో. గిడ్డంగి యజమాని వాటాకు ఎన్ని అణాలు, కానిస్టేబులుకు ఎన్ని, రైటరుకు ఎన్ని, సబ్ ఇన్‌స్పెక్టరుకు ఎన్ని, గుమాస్తాకు, తలారికి, కూలికి పట్టుబడినవాడికి ఎన్ని అని 16 అణాలూ పంచి ఒక కాగితం మీద రాసుకో. ఆ లెక్క నవలలో ఎక్కడా కనబడనక్కర లేదు, నీకు తెలిస్తే చాలు. తరువాత మూడో అధ్యాయం మళ్ళీ రాసి, లెక్క కాగితంతో కలిపి నాకు పంపు. సంక్రాంతి దాకా కడపలోనే ఉంటాను.

నీ మేలు కోరే
పెద్దదిక్కు