షెల్టర్ క్లినిక్ బాధ్యత మొత్తం కొత్త డాక్టర్‌కి ఇస్తామంటే

అనంతపురం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి తిరుపతిలో బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) పూర్తి చేసింది. వీధి జంతువులకు తక్కువ ఖర్చుతో వైద్యం చేసే షెల్టర్‌ వాళ్ళు డాక్టర్‌గా మొత్తం బాధ్యత తనకే ఇస్తామంటున్నారు. ప్రభుత్వ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకి చదువుకోమంటే వినట్లేదు. పంపొచ్చా?"

పంపొచ్చండీ, అమ్మాయి ఎంచుకున్నది మంచి పని. నాకు అభ్యంతరం ఉన్నది 'మొత్తం బాధ్యత' అన్న దగ్గరే.

నేనొకసారి అలాంటి షెల్టర్‌కి వెళ్ళినప్పుడు ఒక ఆటో అన్న గోనెసంచిలో కుక్కపిల్లని తెచ్చాడు, వాంతులు, రక్త విరేచనాలు. డాక్టరమ్మ దాన్ని చూస్తూనే "సంచి ఎక్కడెక్కడ కింద పెట్టావు?" అని అడిగి, అక్కడంతా బ్లీచింగ్‌తో కడిగించి, ఆ తర్వాత విడిగా ఉన్న గదిలో సెలైన్ పెట్టింది. ఎందుకంటే కుక్కపిల్లలకి ఆ వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, ఒక్క కుక్కపిల్ల నుంచి లోపలున్న కుక్కపిల్లలన్నిటికీ అంటుకోవచ్చు. ఇంట్లో పెంచే కుక్కకైతే ఎక్స్‌రే, రక్తపరీక్షలు అన్నీ రాస్తాం, అక్కడ మాత్రం ఏ పరీక్ష చేయిస్తే మన వైద్యం మారుతుందో అది ఒక్కటే రాయాలి, మిగతా డబ్బు పక్క బోనులోని జంతువుకి కావాలి కాబట్టి. ఏడాది ఇంటర్న్‌షిప్‌లో గేదెలు, గొర్రెలు, కోళ్ళు అన్నీ చూసి వచ్చిన అమ్మాయికి ఈ లెక్క ఒంటరిగా తెగదు.

ఇంకోటి, సర్జరీలు. 2023 ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ ప్రకారం వీధి కుక్కకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, సాధారణంగా పట్టుకొచ్చిన చోటే వదలాలి. ఇంటి కుక్కకి కుట్టు ఊడితే యజమాని పరిగెత్తుకొస్తాడు, వీధి కుక్కకి ఊడితే చూసేవాళ్ళు ఉండరు. అందుకే చేయి బాగా తిరగాలి. ఊటీలో వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ వాళ్ళ శిక్షణ కేంద్రంలో డాక్టర్లకి ఈ ఆపరేషన్లే దగ్గరుండి నేర్పిస్తారు, ముందు అక్కడికి పంపండి.

ఒకటి రెండేళ్ళు సీనియర్ కింద జూనియర్‌గా చేరితే మంచిది. సీనియరే లేని చోటైతే, ఎంత బతిమాలినా ఇప్పుడు వద్దనే చెప్పమనండి. మొదటి రోజుకి ముందే అమ్మాయికి రేబిస్ ముందస్తు టీకాలు, స్టేట్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి, ఈ రెండూ వాయిదా వేయొద్దు. జీతం సర్కారు ఉద్యోగంతో పోలిస్తే తక్కువే ఉంటుంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు పరీక్ష రాసుకోవచ్చు, దీనికీ దానికీ పోటీ లేదు.

అన్నిటికంటే నాకు టెన్షన్ కలిగించే విషయం వేరే ఉంది. ఇక బతకదని తెలిసిన జంతువుకి నొప్పి లేకుండా ప్రాణం తీయాల్సి వస్తుంది, కొన్ని వారాల్లో మళ్ళీ మళ్ళీ. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే "నేను ముందే చెప్పానా" అనకండి, దయచేసి వినండి.

చేరే ముందు షెల్టర్ వాళ్ళని అమ్మాయితో రెండు ప్రశ్నలు అడిగించండి: జంతువు ప్రాణం తీసే నిర్ణయంలో చివరి మాట డాక్టర్‌దా, ట్రస్టీలదా? తను సెలవు పెడితే ఎవరు చూస్తారు? జవాబులు కాగితం మీద ఇస్తేనే చేరమనండి.