గేటు దగ్గర చీకటి, కెమెరాలో మసక

ప్రశ్న: మా గేటు వరండాకు 20 అడుగుల దూరం. వీధి దీపం వెలుతురు అక్కడిదాకా రాదు. వైఫై కెమెరా పెట్టాలనుకుంటున్నాం. షాపులో 8 మెగాపిక్సెల్‌దే తీసుకోమంటున్నారు. రాత్రిపూట అదే నయమా?
— పాఠకురాలు, తణుకు

జవాబు: మెగాపిక్సెల్స్ సంగతి తర్వాత. ముందు సెన్సర్ (లెన్స్ వెనక వెలుతురును బొమ్మగా మార్చే చిప్) సైజు, లెన్స్ ‘ఎఫ్’ నంబరు అడగండి. సెన్సర్ కనీసం 1/2.8 అంగుళం ఉండాలి. 1/1.8 అయితే ఇంకా మంచిది (భిన్నం కదా, కింది అంకె తగ్గేకొద్దీ సెన్సర్ పెద్దది). చిన్న సెన్సర్ మీద 8 మెగాపిక్సెల్స్ ఇరికిస్తే ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు తగ్గి, చీకట్లో బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది. ‘ఎఫ్’ నంబరు ఎంత తక్కువైతే అంత మేలు. ఎఫ్/2.0 కంటే ఎఫ్/1.6 లెన్స్ ఒకటిన్నర రెట్లు, ఎఫ్/1.0 నాలుగు రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది. ఈ రెండూ ఎక్కడా రాయని కెమెరా ఎంత చవకైనా వద్దు.

లెన్స్ 4 మి.మీ.ది తీసుకోండి. 1/2.8 సెన్సర్‌తో 2.8 మి.మీ. లెన్స్ 20 అడుగుల దూరంలో దాదాపు 40 అడుగుల వెడల్పు చూపిస్తుంది. ప్రహరీ అంతా కనిపిస్తుంది గానీ మనిషి ముఖం గోరంతే. 4 మి.మీ.తో 28 అడుగులే పడుతుంది, ముఖం ఆ మేరకు పెద్దదవుతుంది.

పెట్టె మీద ‘రాత్రి 30 మీటర్లు’ అని ఉంటుంది. అంత దూరంలో ఎవరో కదిలారని తెలుస్తుంది తప్ప ఎవరన్నది తెలియదు. దూరం రెట్టింపైతే కెమెరా వేసే ఐఆర్ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్) వెలుతురు నాలుగో వంతే చేరుతుంది. ఇక ‘కలర్ నైట్ విజన్’, అంటే రాత్రి కూడా రంగుల్లో చూపించడం. వెలుతురు చాలనప్పుడు కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అందుకే ఆగి ఉన్న స్కూటర్ రంగుతో సహా చక్కగా వస్తుంది, నడిచే మనిషి మాత్రం దయ్యంలా సాగిపోతాడు. ప్రకటనల్లో చూపేది ఆగిన బండినే! షాపులో లైట్లు ఆర్పించి, ఎవరినైనా నడిపించి చూడండి. గేటు స్తంభానికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెడితే 12 గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్ల పైచిలుకే. కెమెరా మీద అదనంగా పెట్టే డబ్బు కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

వైఫై కెమెరాకైనా కరెంటు వైరు తప్పదు. అక్కర్లేదనే బ్యాటరీ కెమెరాలు ఎక్కువగా ఒంటి వేడిని పసిగట్టి నిద్రలేస్తాయి. మనిషి ఎదురుగా నేరుగా వస్తుంటే, వేసవి రాత్రి గాలి కూడా వేడెక్కి ఉంటే ఆలస్యంగా లేస్తాయి. మీ గేటుకు అవి వద్దు. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగుతుంది కాబట్టి రెండింటికీ మినీ యూపీఎస్ పెట్టండి.

ప్రశ్న: మా కెమెరా పగలు బాగానే ఉంటుంది. చీకటి పడితే ఆగి ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. పైగా తెరంతా తెల్లటి పొగ.
— పాఠకుడు, ఖమ్మం

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. రాత్రి ఐఆర్ లైట్లు వెలగ్గానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. 5 వోల్టుల అడాప్టర్‌కు సన్నటి యూఎస్‌బీ వైరు పొడుగ్గా వేస్తే చివరికి వోల్టేజీ పడిపోయి రీస్టార్ట్ అవుతుంది. ప్లగ్ పాయింటునే కెమెరా దగ్గరికి తీసుకెళ్లి, వాన తగలని పెట్టెలో అడాప్టర్ ఉంచండి. యూఎస్‌బీ వైరు మీటరు చాలు.

పొగకు కారణం దగ్గరి వస్తువు మీద పడి తిరిగొచ్చే ఐఆర్ వెలుతురు. సన్‌షేడ్ అడుగు భాగం గానీ తెల్ల గోడ గానీ ఫ్రేములో పడకుండా కెమెరాను కొంచెం ముందుకు జరపండి. కిటికీ అద్దం వెనక పెట్టి ఉంటే బయటికి మార్చక తప్పదు. ముందు మాత్రం లెన్స్ ఎదుట సాలెగూడు ఉందేమో చూడండి. కెమెరా దగ్గర పురుగులు, పురుగుల కోసం సాలీడు చేరుతుంటాయి. వారానికోసారి చీపురు ఆడించండి.