లీడరైన అమ్మాయికి

అమ్మాయీ,

నిన్ను పొదుపు సంఘానికి మొదటి లీడరుగా ఎన్నుకున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. "అన్నీ నేనే చూసుకోవాలా పెద్దమ్మా, ప్రతిదానికీ అందరినీ అడగాలా?" అన్నావట. ఆ రెండూ వద్దు. ఏ పని నీది, ఏ పని అందరిదీ అన్నది మొదటి మీటింగులోనే తేల్చుకోండి.

లోను ఎవరికి, ఎంత, ఎవరు ముందు అన్నది ఎప్పటికీ అందరిదే. ఒకామెకి పిల్ల ఫీజు, ఇంకొకామెకి గేదె, మరొకామెకి వడ్డీ వ్యాపారి దగ్గర పాత బాకీ. ఎవరి అవసరం వాళ్ళ నోటితోనే చెప్పనీ. ఎవరు కట్టగలరో బ్యాంకు మేనేజరు కంటే పక్కింటామెకే బాగా తెలుసు. తేలిన మాట అక్కడే తీర్మానం పుస్తకంలో రాయించి, చదివి వినిపించి, అప్పుడు సంతకాలు పెట్టించు. "ముందు సంతకాలు కానీండి, రాసేది తర్వాత చూద్దాం" అని ఖాళీ పేజీ ముందుకు తోసేవాళ్ళుంటారు. ఎంత తొందరున్నా ఒప్పుకోకు. సంఘాల్లో వచ్చే గొడవల్లో సగం ఆ ఖాళీ పేజీ దగ్గరే పుడతాయి.

బ్యాంకులో మాత్రం మాట్లాడేది నువ్వొక్కదానివే. కౌంటరు దగ్గర తలో మాటా అంటే ఆ రోజు పని కాదు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు. డబ్బు తీయడానికి రెండో లీడరు సంతకం కావాలి కాబట్టి ఆమె ఎలాగూ వస్తుంది. మీతో పాటు బ్యాంకు గడప తొక్కని సభ్యురాలిని ఒకరిని తీసుకెళ్ళు, ఈసారి ఒకరు, పైసారి ఇంకొకరు. వోచరు ఆమెతోనే నింపించు. తప్పు రాస్తే ఇంకో కాగితం అడుగుదాం, ఏం పోయింది? రేపు నువ్వు దిగిపోతే ఆ కుర్చీలో కూర్చోగలవాళ్ళు నలుగురైనా ఉండాలి.

అర్ధరాత్రి ఎవరికైనా ఆసుపత్రి పని పడితే మీటింగు దాకా ఆగమనలేం కదా. చేతిలో ఉన్న డబ్బులోంచి ఇద్దరు లీడర్లు కలిసి ఎంత వరకు ఇవ్వొచ్చో ముందే తీర్మానం చేసి పెట్టుకోండి. ఇచ్చాక వచ్చే మీటింగులో మొదటి లెక్క అదే చెప్పాలి.

కంతు కట్టని మనిషి దగ్గరికి మొదట నువ్వొక్కదానివే వెళ్ళు, మెల్లగా ఏమైందో కనుక్కో. అప్పటికీ కట్టకపోతే మాత్రం ఒంటరిగా వెళ్ళకు. అది మీ ఇద్దరి తగువై కూర్చుంటుంది.

మన నెల్లూరు జిల్లా సంగతే చూడు. సారా ఉద్యమం అనగానే దూబగుంట రోశమ్మ పేరు చెప్తారు, చెప్పాల్సిందే. ఎవరో ఒకరు ముందు నిలబడకపోతే మిగతావాళ్ళకి ధైర్యం రాదు. కానీ ఊరూరా సారా అంగళ్ళ ముందు అడ్డం కూర్చున్న ఆడవాళ్ళు లేకపోతే 1993లో సారా నిషేధం వచ్చేదా? మన జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు ఊపందుకున్నదీ ఆ ఆడవాళ్ళతోనే.

ఇక ఫోన్లు. "లీడరమ్మా, రేపటి సభకి నీ సంఘాన్నంతా తీసుకురా" అని నీకే చేస్తారు. అందరి తరఫునా నువ్వు మాట ఇచ్చేయకు. "అడిగి చెప్తాను" అను. కోపమొస్తే రానీ.

మీ పెద్దమ్మ