నడక ఉంది, కానీ మిగతా రోజంతా టీవీ ముందే: ఆయన్ను కుర్చీకి కట్టిపడేస్తున్నది ఏమిటి?

ప్రశ్న: మా మామగారికి 72 ఏళ్లు. టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పదేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. రెండేళ్ల క్రితం మా అత్తగారు పోయారు. ఉదయం అరగంట యూనివర్సిటీ రోడ్లలో నడిచి వస్తారు. ఆ తర్వాత ఎస్వీబీసీ, వార్తలు, రాత్రికి సీరియళ్లు అంటూ పడుకునేదాకా టీవీ ముందే కూర్చుంటారు. ఏమైనా అంటే ‘రోజూ నడుస్తున్నాను కదమ్మా’ అంటారు. ఆ నడక సరిపోతుందా? టీవీ మాన్పించడం ఎలా?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: ముందుగా, ఆ ఉదయపు నడకను ఇంట్లో ఎవరూ తక్కువ చేసి మాట్లాడకండి. 65 ఏళ్లు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆయన కాస్త చురుగ్గా నడుస్తుంటే ఆ లెక్క నిండుతున్నట్టే. అయితే ఎక్కువసేపు కూర్చోవడం తగ్గించాలని, కండరాల బలానికి, శరీరం తూలకుండా ఉండటానికి విడిగా వ్యాయామాలు చేయాలని కూడా అదే సూచనల్లో ఉంది. పది లక్షల మందికి పైగా వ్యక్తుల వివరాలను కలిపి విశ్లేషించి 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు శ్రమ చేసేవారికి కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు దాదాపు లేకుండా పోయింది. కానీ రోజుకు ఐదు గంటలు, అంతకు మించి టీవీ చూసేవారిలో మాత్రం ఆ ముప్పు తగ్గిందే తప్ప పూర్తిగా పోలేదు. ఆరోగ్యం బాగాలేనివారే ఎక్కువగా టీవీ ముందు చేరతారన్నది కూడా ఇందులో కొంత కారణం కావచ్చు. రాత్రి భోజనం కాగానే కూర్చోవడం, మధ్యలో మిక్చరో మురుకులో తినడం, రెండు మూడు గంటలు లేవకపోవడం టీవీతో పాటే వస్తాయి. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవి తొడలు, పిక్కల్లోని పెద్ద కండరాలే కనుక, అవి గంటల తరబడి కదలకపోతే షుగర్ ఉన్నవారికి నష్టం ఎక్కువ.

ఇక టీవీ మాన్పించడం గురించి. దయచేసి రిమోట్ దాచడం, కేబుల్ తీయించడం వంటివి చేయకండి. భార్య పోయిన ఇంట్లో, పిల్లలు పనులకు, మనవలు బడికి వెళ్లాక, పగలంతా ఆయనకు వినిపించే మనిషి గొంతు ఆ టీవీదే అయివుండవచ్చు. మీ అత్తగారు ఉన్నప్పుడు ఆయన ఎవరితో, ఎక్కడెక్కడికి వెళ్లేవారో గుర్తు చేసుకోండి. రైతు బజారుకు, గోవిందరాజస్వామి గుడికి కలిసి వెళ్లడం ఆమెతోనే ఆగిపోయిందా? ఆకలి, నిద్ర తగ్గాయా, ఇష్టమైన కార్యక్రమాన్ని కూడా మనసు పెట్టకుండా చూస్తున్నారా? అలా ఉంటే అది బద్ధకం కాదు, డిప్రెషన్ కావచ్చు; దానికి మంచి చికిత్స ఉంది.

శరీరానికి సంబంధించిన కారణాలను పెద్దలు తమంతట తాము చెప్పరు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు లోతుగా దిగిపోయే సోఫాలో కూర్చుంటే, లేవడం కష్టమని లేవడమే మానేస్తారు. మాటిమాటికీ మూత్రం వస్తుందన్న బిడియంతో బంధువుల ఇళ్లకు వెళ్లరు. టీవీ శబ్దం రోజురోజుకూ పెంచుతున్నారంటే వినికిడి తగ్గిందేమో చూపించండి, ఎందుకంటే నలుగురి మాటలు అందనివారు నలుగురిలోకి రావడం మానేస్తారు. శుక్లాలు ఉన్నవారికి సాయంత్రం వెలుతురులో ఎగుడుదిగుడు రోడ్డన్నా, వీధికుక్కలన్నా భయం. మన తిరుపతి ఎండాకాలంలో ఉదయం ఏడు దాటాక బయటికి పంపమని నేనూ చెప్పను.

మరొక కారణం మన ప్రేమే. చాలా ఇళ్లలో పెద్దాయన కుర్చీ పక్కన ఒక స్టూలు ఉంటుంది. దాని మీద నీళ్ల చెంబు, మాత్రల డబ్బా, కళ్లజోడు, ఫోను ఛార్జరు అన్నీ చేతికి అందేలా పేర్చి ఉంటాయి, కాఫీ కూడా అక్కడికే వస్తుంది. ఆ స్టూలును వంటింటి గుమ్మం దగ్గరికి మార్చండి. పడిపోతారని భయపడి కూర్చోబెడితే కాళ్ల బలం తగ్గి, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఎస్వీబీసీలో కల్యాణోత్సవం చూడనివ్వండి, కానీ చేతులున్న ఎత్తైన గట్టి కుర్చీలో చూడమనండి. ప్రకటనలు వచ్చినప్పుడల్లా, కనీసం అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. వీలైతే చేతులు ఆనించకుండా ఐదారుసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం రోజూ చేయించండి. కాసేపు కూర్చున్నాక లేచేటప్పుడు కళ్లు తిరగకుండా ముందు పాదాలు ఆడించి, నిదానంగా నిలబడాలి. భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు వరండాలోనో మిద్దె మీదో నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది. అయితే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడుతుంటే, నడక పెంచేముందు డాక్టరుకు చెప్పండి. చెమటలు పట్టి వణుకు వస్తే షుగర్ పడిపోయిందేమో వెంటనే చూడాలి. ఆయన టీచరు కాబట్టి, సాయంత్రం వీధిలోని నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పమని అడిగి చూడండి. నడవమని పదిసార్లు చెప్పేకన్నా, ఆయన కోసం ఎదురుచూసే పని ఒకటి ఉండటం నా అనుభవంలో ఎక్కువ ఫలితమిచ్చింది.

ఈ నెలలో ఒకసారి జనరల్ ఫిజీషియన్‌కు చూపించి, మూడు నెలల సగటు షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్లుగా వాడుతుంటే విటమిన్ బీ12 కూడా చూడాలి. కళ్లు, చెవులు, మోకాళ్లు, పాదాల స్పర్శ కూడా పరీక్షించమనండి. ఒక కాలి పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పుట్టినా, నడిచేటప్పుడు ఛాతీ బరువెక్కినా, ఆయాసం వచ్చినా ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.